చిత్తూరు, తిరుపతి నుంచి లాల్‌బాగ్: గేటు ఎంచుకోవడం నుంచి మొక్కలు ఇల్లు చేర్చడం దాకా

బెంగళూరు పని మీద వెళ్ళే మన వైపు వాళ్ళు తరచుగా అడిగేది ఒకటే: "లాల్‌బాగ్ చూడాలంటే ఎంతసేపు పడుతుంది, ఎటు నుంచి వెళ్ళాలి?" అరగంటలో గ్లాస్ హౌస్ (తోటలోని గాజు మండపం) ముందు ఫోటో దిగి వచ్చేసి, "ఏముంది, చెట్లే కదా" అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అందులో తోట తప్పేమీ లేదు. మధ్యాహ్నం 12 గంటలకు, చేతిలో లగేజీతో, తమకు పనికిరాని గేటు దగ్గర దిగితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

లాల్‌బాగ్ 240 ఎకరాల తోట. ఎండ ఎక్కకముందు, సరైన గేటు నుంచి, ఒక వరుసలో నడిస్తే మూడు గంటల్లో తృప్తిగా చూడొచ్చు. వరుస తప్పితే ఐదు గంటలు తిరిగినా సగం మిగిలిపోతుంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించిన తోట ఇది. చరిత్ర అంతవరకే చాలు, ఇక ఏం చేయాలో చూద్దాం.

1. ముందు రోజు తేల్చుకోండి: ఏ నెల, ఏ వారం

ఏడాది పొడవునా వెళ్ళొచ్చు. కానీ నెలను బట్టి తోట మారుతుంది, మీరు తీసుకెళ్ళాల్సిన సామాను కూడా మారుతుంది.

- నవంబర్ నుంచి ఫిబ్రవరి: నడకకు అన్నిటికన్నా మంచి కాలం. గులాబీ రంగు టబేబూయాలు పూస్తాయి. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. తిరుపతి నుంచి పలుచటి చొక్కాతో బయలుదేరితే వణకాల్సిందే.
- మార్చి, ఏప్రిల్: ఊదారంగు జకరాండాలు, పసుపు టబేబూయాలు. 10 గంటల తర్వాత ఎండ పెరుగుతుంది.
- ఏప్రిల్ చివర, మే: సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వస్తుంది. ఈ రెండు నెలల్లో ఉదయమే చూసేయండి. గాలి లేస్తే ముసలి చెట్ల కింద నిలబడకండి, కొమ్మలు విరిగి పడతాయి.
- జూన్ నుంచి అక్టోబర్: పచ్చదనం బాగుంటుంది. గొడుగు తప్పనిసరి. తోటలోని బండ, అంటే పెద్ద రాతి గుట్ట, తడిస్తే జారుతుంది.

వారం మధ్యలో వెళ్ళగలిగితే మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి. ఆదివారం ఉదయం నడకకు వచ్చే బెంగళూరు జనం, 11 తర్వాత కుటుంబాలు, సాయంత్రం ఇద్దరూ కలిసి ఉంటారు.

జనవరి 26, ఆగస్టు 15 ముందు వెనకల జరిగే పూల ప్రదర్శన సంగతి 7వ భాగంలో విడిగా రాశాను. మొదటిసారి వెళ్ళేవాళ్ళు దాన్ని చదివాకే తేదీ ఖాయం చేసుకోండి.

తోట ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు తెరిచి ఉంటుంది. పొద్దున్నే నడకకు వచ్చేవారికి టికెట్ ఉండదు, ఆ తర్వాత గేటు దగ్గర కౌంటర్‌లో కొనాలి. రేట్లు అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధర పట్టుకుని వాదించకండి. ఫోన్‌పేతో పాటు కొంచెం చిల్లర కూడా ఉంచుకోండి.

2. బెంగళూరు చేరడం: మూడు దారులు

రైలు. తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ఇదే నా మొదటి సలహా. తిరుపతిలో రాత్రి బయలుదేరే చామరాజనగర్ ఎక్స్‌ప్రెస్ పాకాల, చిత్తూరు, కాట్పాడి మీదుగా తెల్లవారేసరికి బెంగళూరు చేరుస్తుంది. సరిగ్గా తోట తెరిచే వేళ. టైములు మారుతుంటాయి, టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. దిగాల్సింది కె.ఎస్.ఆర్. బెంగళూరు స్టేషన్‌లో, అంటే మన పెద్దవాళ్ళు "సిటీ స్టేషన్" అనేదాంట్లో. నిద్రమత్తులో ముందే కంటోన్మెంట్‌లో దిగేస్తే ఆటోకు అదనంగా ఖర్చవుతుంది.

లగేజీ ఉంటే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. తాళం లేని సంచి తీసుకోరు, రైలు టికెట్ కూడా చూపించాలి. కాబట్టి చిన్న తాళం ఒకటి ఇంటి నుంచే తెచ్చుకోండి. పెట్టెలు లాక్కుంటూ తోట చూడటం సాధ్యమయ్యే పని కాదు.

స్టేషన్ ఎదురుగానే మెజెస్టిక్. అక్కడ మెట్రో గ్రీన్ లైన్‌లో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు వెళ్ళే రైలు ఎక్కండి. చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజ్, నాలుగోది లాల్‌బాగ్. ఆదివారం మెట్రో మిగతా రోజుల కన్నా ఆలస్యంగా మొదలవుతుంది, ఆ రోజు పొద్దున్నే దిగినవాళ్ళు ఆటో చూసుకోవాలి.

బస్సు. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు, కోలారు, హోసకోటె మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు. తిరుపతి నుంచి సుమారు 250. రోడ్డు బాగుంటుంది, హోసకోటె దాటాకే కష్టం మొదలు. కె.ఆర్. పురం నుంచి మెజెస్టిక్ చేరడానికి పీక్ టైములో గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు.

అందుకే ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి: కె.ఆర్. పురంలో దిగిపోండి. అక్కడి నుంచి మెట్రో పర్పుల్ లైన్‌లో నేరుగా మెజెస్టిక్, అక్కడ లైన్ మారి లాల్‌బాగ్. 2023 అక్టోబర్‌లో ఆ ముక్క మెట్రో తెరిచాక మన వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇది పెద్ద సౌకర్యం. కండక్టర్‌కు ముందే చెప్పి ఉంచితే సరైన చోట ఆపుతాడు.

కారు. చలికాలం తెల్లవారుజామున మొగిలి ఘాట్‌లో మంచు పడుతుంది, నెమ్మదిగా రండి. కారును తోట దాకా తేవాలన్న పట్టుదల వద్దు. పర్పుల్ లైన్‌లో పార్కింగ్ ఉన్న స్టేషన్ చూసుకుని అక్కడ ఆపి మెట్రో ఎక్కడం మంచిది. పెద్దవాళ్ళు ఉండి కారు తప్పదంటే డబుల్ రోడ్ గేటు వైపుకే రండి.

3. గేటు ఎంచుకోవడం

సగం పని ఇక్కడే ఉంది. ఆటో అతనికి "లాల్‌బాగ్" అని మాత్రమే చెబితే తనకు దగ్గరైన గేటు దగ్గర దించుతాడు. గేటు పేరుతో సహా చెప్పండి.

- మెయిన్ గేటు (లాల్‌బాగ్ రోడ్డు వైపు): బండ దగ్గర. ఉదయం 6–7 మధ్య వచ్చేవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.
- వెస్ట్ గేట్: మెట్రో స్టేషన్‌కు దగ్గర, గ్లాస్ హౌస్‌కు దగ్గర. 9 దాటాక వచ్చేవాళ్ళకు, ఎక్కువ నడవలేనివాళ్ళకు ఇదే సరైనది.
- డబుల్ రోడ్ గేటు (శాంతినగర్ వైపు): సొంత వాహనం ఉన్నవాళ్ళకు, శాంతినగర్ బస్టాండ్‌లో దిగినవాళ్ళకు.
- సిద్ధాపుర గేటు: జయనగర్ వైపు చుట్టాల ఇంట్లో దిగినవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు పెద్దగా అవసరం పడదు.

ఒక గేటులో వెళ్ళి ఇంకో గేటులో బయటికి రండి. వెళ్ళిన దారినే తిరిగి రావడం వల్లే చాలామందికి కాళ్ళు నొప్పులు, సగం తోట మిగలడం. మెయిన్ గేటులో ప్రవేశించి వెస్ట్ గేట్‌లో బయటికి రావడం నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. ఎత్తు ముందే ఎక్కేస్తాం, చివర్లో మెట్రో ఎదురుగా ఉంటుంది.

4. సంచిలో ఉండాల్సినవి

- స్టీల్ లేదా రాగి నీళ్ళ సీసా, మనిషికి ఒకటి. తోటలో ప్లాస్టిక్ నిషేధం ఉంది. క్యారీబ్యాగులు, వాడి పారేసే ప్లేట్లు తేవద్దు
- పట్టు ఉన్న అడుగు గల చెప్పులు లేదా బూట్లు
- టోపీ లేదా గొడుగు, చలికాలంలో స్వెట్టర్
- పిల్లలకు బిస్కెట్లు, అరటిపండ్లు. తొక్కలు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి
- మడిచి పెట్టుకునే గుడ్డ సంచులు రెండు, పాత న్యూస్‌పేపర్, కొంచెం పురికొస (మొక్కలు కొనాలనుకునేవాళ్ళకు)
- పెద్దవాళ్ళ మందులు, చిన్న దుప్పటి లాంటి పరుపు

తేవద్దు: క్యారియర్ నిండా చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకొచ్చి పచ్చిక మీద పంక్తి వేయాలన్న ఆలోచన. ఇది పిక్నిక్ స్థలం కాదు, వృక్షశాస్త్ర ఉద్యానం. కట్టుకొచ్చిన భోజనం రైల్లోనో స్టేషన్‌లోనో ముగించండి.

5. లోపల నడిచే వరుస

ఇది ఉదయం మెయిన్ గేటు నుంచి వెళ్ళేవాళ్ళ కోసం.

మొదట బండ. లోపలికి వెళ్ళగానే కనిపించే పెద్ద రాతి గుట్ట, పైన బెంగళూరు ఊరు కట్టించిన కెంపేగౌడ పేరున్న గోపురం. వాలు మెల్లగా ఉంటుంది, ఆగి ఆగి ఎక్కినా పది, పదిహేను నిమిషాలు. 8 లోపే ఎక్కాలి. ఎండ పడ్డాక రాయి కాలుతుంది, పైన నీడ ఉండదు.

చాలామంది పైకి వెళ్ళి ఊరు చూసి దిగిపోతారు. కింద రాయిని కూడా చూడండి. ఇది ద్వీపకల్ప నైస్ అనే రాయి, దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిది. తెలుపు, నలుపు చారలు వంకరలు తిరిగి ఉంటాయి. ఎంతో లోతులో వేడికి, ఒత్తిడికి రాయి మెత్తబడి ముడతలు పడిన గుర్తులు అవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది, బోర్డు అక్కడే ఉంది. తిరుమల శిలాతోరణానికి కూడా అదే గుర్తింపు ఉంది. అది చూసిన పిల్లలకు ఇక్కడ నిలబెట్టి ఆ మాట చెప్పండి: అక్కడిది ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్, ఇక్కడిది నైస్. పిల్లలు రెండు రాళ్ళ తేడా ఇట్టే పట్టేస్తారు.

దిగేటప్పుడు నేరుగా కిందికి కాకుండా అడ్డంగా, చిన్న అడుగులతో దిగండి. రాయి మీద సన్నటి ఇసుక ఉంటుంది, ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే కాలు జారుతుంది.

తర్వాత పూల గడియారం. హెచ్.ఎం.టి. వాళ్ళు పెట్టినది. ఐదు నిమిషాలు చాలు. కుటుంబం విడిపోతే కలుసుకునే చోటుగా దీన్ని పెట్టుకోండి, అడిగితే ఎవరైనా చూపిస్తారు.

గ్లాస్ హౌస్. 1889లో పునాది పడింది, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో కట్టారు. పూల ప్రదర్శన లేని రోజుల్లో లోపల ఖాళీగా ఉండొచ్చు, అది చూసి నిరాశపడకండి. అప్పుడే ఇనుప కమానులు, పైకప్పు పనితనం బాగా కనబడతాయి. ఫోటోకు ఎదురుగా కాకుండా ఒక మూల నుంచి, చెట్ల నీడలో నిలబడి తీస్తే కట్టడం మొత్తం వస్తుంది. చుట్టుపక్కల నిటారుగా, కొంచెం ఒరిగి కనిపించే పొడవాటి చెట్లు అరకేరియాలు. మన వైపు జనం వాటిని క్రిస్మస్ చెట్లు అంటారు.

ఇక్కడ పదిహేను నిమిషాలు కూర్చోండి. నీళ్ళు తాగండి. తర్వాతి భాగానికి ఓపిక కావాలి.

చెట్ల దారి. నా లెక్కలో లాల్‌బాగ్ అంటే ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. గ్లాస్ హౌస్ నుంచి చెరువు వైపు వెళ్ళే దారుల్లో తొందర పడకండి. చెట్లకు పేరు పలకలు ఉంటాయి. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర కాబట్టి కూడబలుక్కుని చదివేయొచ్చు. వెతకాల్సినవి ఇవి:

- తెల్ల బూరుగు: చెట్టు మొదలు దగ్గర గోడల్లాంటి వేర్లు మనిషి ఎత్తుకు లేచి ఉంటాయి. దొరక్కపోతే తోటమాలిని అడగండి. తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది.
- నాగలింగం: పువ్వు లోపల శివలింగం మీద పడగ పట్టినట్టు ఉంటుంది. గుడిలో చూసే ఉంటారు. ఇక్కడ కాండానికే వేలాడే గుండ్రటి కాయలు కూడా చూడండి. కాయల కింద మాత్రం నిలబడకండి.
- శిలాజ వృక్షం: 2 కోట్ల ఏళ్ళ నాటి చెట్టు మాను రాయిగా మారింది. చెక్క రేఖలు రాతిలో అలాగే ఉన్నాయి.
- బోన్సాయ్ తోట: ఆసక్తి ఉన్నవాళ్ళకు మాత్రమే.

చివర చెరువు. గట్టు మీద నడక హాయిగా ఉంటుంది. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ, కొంగలు ఒడ్డున కాపు కాస్తూ కనబడతాయి. పిల్లల దగ్గర బిస్కెట్లు ఉంటే నీళ్ళలో వేయనివ్వకండి. చెరువు చుట్టూ పూర్తిగా తిరగక్కర్లేదు, ఒక వైపు నడిచి వెస్ట్ గేట్ దారి పట్టండి.

సాయంత్రం వెళ్ళేవాళ్ళకు: వరుస తిప్పేయండి. మూడున్నరకు వెస్ట్ గేట్ నుంచి ప్రవేశించి గ్లాస్ హౌస్, చెట్ల దారి, చెరువు చూసి, బండ చివరికి పెట్టుకోండి. సూర్యాస్తమయం పైనుంచి బాగుంటుంది. కానీ 7కి తోట మూస్తారు, చీకటి పడకముందే దిగేయండి.

6. అవ్వాతాతలు, చంటిపిల్లలు ఉంటే

వాళ్ళ కోసం పైన చెప్పిన దారి మొత్తం వద్దు. వెస్ట్ గేట్ నుంచి గ్లాస్ హౌస్, అక్కడి నుంచి కాస్త నీడలో నడక, వెనక్కి. అంతే. లోపల తిరిగే బ్యాటరీ బండ్లు ఉంటాయి, టికెట్ తీసుకుని ఎక్కిస్తే కూర్చునే తోట చుట్టి రావొచ్చు. గేటు దగ్గరే ముందు వాటి సంగతి కనుక్కోండి. మధ్యలో అలసిపోయాక వెతికితే దొరక్క టెన్షన్ పడాలి.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మను "కొంచెమే కదా, ఎక్కేయ్" అని బండ ఎక్కించకండి. ఎక్కడం ఆమె వల్ల అవుతుంది, దిగడమే నరకం. కింద బెంచీ మీద ఒకరిని తోడుంచి మిగతావాళ్ళు వెళ్ళి రండి.

పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. చెరువు గట్టు మీద చెయ్యి వదలకండి. మూత్రానికి గేటు దగ్గరే ఒకసారి వెళ్ళొచ్చేయండి, లోపల ఎక్కడపడితే అక్కడ మరుగుదొడ్లు ఉండవు.

ఇంకొక్క మాట. మన జిల్లా నుంచి కిద్వాయ్, నిమ్హాన్స్ ఆసుపత్రులకు వచ్చి రోజుల తరబడి ఉండే కుటుంబాలు చాలా. రెండూ ఇక్కడికి దగ్గరే, ఆటోలో కొద్దిసేపు. రోగికి తోడుగా ఉన్నవాళ్ళు ఒక పూట మనిషిని మార్చుకుని, ఉదయం ఆరింటికి వచ్చి చెరువు పక్క గంటసేపు కూర్చుని వెళ్ళండి. ఏదీ చూడకపోయినా ఫర్వాలేదు. ఆసుపత్రి కారిడార్‌లో నిద్రలేని రాత్రుల తర్వాత ఆ గంట ఒంటికి నిజంగా అవసరం.

7. పూల ప్రదర్శన రోజులు

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తోటను మొదటిసారి చూసేవాళ్ళు ఈ రోజుల్లో వెళ్ళకండి. గ్లాస్ హౌస్ లోపల పూలతో కట్టిన ఆకృతి గొప్పగా ఉంటుంది, నిజమే. కానీ ఆ రోజు మీరు చూసేది పూలను, ముందున్నవాళ్ళ వీపులను. బండ, చెట్లు, చెరువు చూసే ఓపిక మిగలదు. తోట ముందే చూసి ఉన్నవాళ్ళకైతే ప్రదర్శన కచ్చితంగా చూడదగ్గది.

వెళ్ళేటట్టయితే:

1. జనవరి 26, ఆగస్టు 15, శని, ఆదివారాలు వదిలేయండి. ప్రదర్శన దాదాపు పది రోజులు ఉంటుంది, మధ్యలో మామూలు పనిదినం ఎంచుకోండి.
2. మొదటి మూడు నాలుగు రోజుల్లో పూలు తాజాగా ఉంటాయి. చివరి రోజుకు చాలా వాడిపోతాయి.
3. గేటు తెరిచే వేళకే క్యూలో ఉండండి. ముందు గ్లాస్ హౌస్ చూసేయండి, మిగతా అంతా తర్వాత.
4. ఆ రోజుల్లో టికెట్ ధర వేరు, శని, ఆదివారాలకు ఇంకా ఎక్కువ.
5. కారు అసలు వద్దు. చుట్టుపక్కల రోడ్ల మీద పార్కింగ్ ఆపేస్తారు.
6. తిరుగు ప్రయాణానికి మెట్రో టికెట్ ముందే తీసి పెట్టుకోండి. సాయంత్రం లాల్‌బాగ్ స్టేషన్‌లో క్యూ చాలా పొడవుంటుంది.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు

11 గంటలకు చేరడం. పొద్దున చిత్తూరులో బస్సెక్కితే ఇదే జరుగుతుంది. అప్పుడు నేరుగా తోటకు వెళ్ళకండి. భోజనం, విశ్రాంతి ముగించుకుని మూడున్నరకు వెళ్ళండి. మధ్యలో ఖాళీ ఉంటే బసవనగుడిలో దొడ్డ గణపతి, బసవన్న గుడులు దగ్గరే. కానీ మధ్యాహ్నం గుడి మూసే వేళ చూసుకోండి.

ఒకే రోజు లాల్‌బాగ్, కబ్బన్ పార్క్, ప్యాలెస్, మాల్ అన్నీ పెట్టుకోవడం. బెంగళూరు ట్రాఫిక్‌లో ఇది కుదరదు. ఒక పూట ఒకే చోటు.

"ఒక్క కొమ్మే కదా" అని తుంచడం. పూలు, కొమ్మలు, గింజలు ఏవీ కోయకూడదు. కాపలావాళ్ళు పట్టుకుంటారు. పట్టుకోకపోయినా తప్పే. రోజూ వచ్చే వేలమందిలో ప్రతి ఒక్కరూ ఒక్కో కొమ్మ తుంచితే ఏ చెట్టూ మిగలదు. మొక్కలు కావాలంటే కొనుక్కునే చోటు ఉంది, కింద రాశాను.

పెళ్ళి ఫోటోలకు కెమెరామన్‌తో నేరుగా వచ్చేయడం. ఫోన్‌తో తీసుకునే ఫోటోలకు ఇబ్బంది లేదు. లైట్లు, స్టాండ్లు, కెమెరా బృందం అంటే ముందుగా ఉద్యానశాఖ అనుమతి తీసుకోవాలి.

తిరుగు బస్సు ఎక్కడ ఎక్కాలో చూసుకోకపోవడం. అన్నీ మెజెస్టిక్ నుంచే బయలుదేరవు, కొన్ని శాంతినగర్ నుంచి ఉంటాయి. టికెట్ మీద ఎక్కే చోటు చదవండి. శాంతినగర్ అయితే డబుల్ రోడ్ గేటు నుంచి బయటికి రావడమే మేలు.

9. తిండి

నడక అయ్యాకే తినండి. మెయిన్ గేటు వైపు లాల్‌బాగ్ రోడ్డులో 1924 నాటి ఎం.టి.ఆర్. ఉంది, సోమవారం సెలవు. వెస్ట్ గేట్ వైపు నుంచి ఆటోలో గాంధీ బజార్ వెళితే విద్యార్థి భవన్, అక్కడ శుక్రవారం సెలవు. రెండు చోట్లా శని, ఆదివారాలు చాలాసేపు కాచుకోవాలి. పిల్లలు ఆకలి మీద ఉంటే పక్కనున్న ఏ దర్శిని హోటల్‌కైనా వెళ్ళండి, ఇడ్లీ, వడ, కాఫీ బాగానే ఉంటాయి. సాంబారు కొంచెం తియ్యగా ఉంటుంది. మన కారం అలవాటైన పెద్దవాళ్ళకు చట్నీ విడిగా అడగండి. తోటలో హాప్‌కామ్స్ (ఉద్యాన రైతుల సహకార సంఘం) అంగడి కనబడితే పండ్లరసం తాగొచ్చు.

10. మొక్కలు కొనడం, ఇల్లు చేర్చడం

లాల్‌బాగ్‌లో నర్సరీమెన్ కోఆపరేటివ్ సొసైటీ ఉంది. మొక్కలు, విత్తనాలు, కుండీలు దొరుకుతాయి. చుట్టూ ప్రైవేటు నర్సరీలు కూడా ఉన్నాయి. నడకంతా ముగించాకే కొనండి, ముందే కొని మోయకండి.

ఏది కొనాలి. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. బెంగళూరు చల్లదనంలో విరగబూసిన మొక్క తిరుపతి మే నెల ఎండకు నిలవదు. హైడ్రాంజియా, ఫ్యూషియా, బిగోనియా, జెరేనియం తిరుపతి, చిత్తూరు మేడల మీద బతకడం కష్టం. పలమనేరు ఎత్తున ఉంది కాబట్టి అక్కడివాళ్ళు నీడ ఇచ్చి ప్రయత్నించొచ్చు. ఎండకు తట్టుకునేవి కావాలంటే మందార రకాలు, కాగితం పూలు, అడీనియం, నూరు వరహాలు, నందివర్ధనం తీసుకోండి. మన ఊళ్ళో దొరకని రంగుల్లో ఇవి దొరకడమే లాభం.

కొనేముందు చూడాల్సినవి:

- ఆకు తిప్పి అడుగున చూడండి. తెల్లటి దూది ముద్దలుంటే పిండినల్లి, వదిలేయండి
- నిండా పూలున్న మొక్క కన్నా కొత్త చిగుర్లు, మొగ్గలు ఉన్నది మేలు
- కవరు అడుగు రంధ్రాల నుంచి వేర్లు చుట్టుకుని బయటికి వచ్చేసి ఉంటే అది చాలాకాలంగా అందులోనే ఉన్నట్టు
- పండ్ల మొక్కైతే అంటు కట్టిన చోటు కంటికి కనబడాలి. అంటు కింద నుంచి చిగుర్లు వస్తుంటే అవి వేరుమొక్కవి (అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కవి), ఇంటికి వెళ్ళాక తీసేయాలి

ప్రయాణంలో. బస్సెక్కే ముందు నీళ్ళు పోయకండి, కవరు బురదగా మారి పగులుతుంది. మట్టి కొంచెం తడిగా ఉంటే చాలు. కవరుకు న్యూస్‌పేపర్ చుట్టి పురికొసతో కట్టి, గుడ్డ సంచిలో నిటారుగా పెట్టండి. కొమ్మలను పైకి చేర్చి వదులుగా కట్టండి. బస్సు డిక్కీలో మాత్రం వేయవద్దు, వేడికీ పెట్టెల కిందా నలిగిపోతుంది. కాళ్ళ దగ్గర పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక. ఆ రాత్రే కుండీ మార్చాలని తొందరపడకండి. వారం పాటు నీడలో, గాలి తగిలే చోట, అదే కవరులో ఉంచండి. రెండో వారం ఉదయపు ఎండ గంటసేపు, తర్వాత మెల్లగా పెంచుతూ పోండి. కుండీలోకి మార్చేటప్పుడు మొక్కను పట్టి లాగకుండా కవరును బ్లేడుతో కోయండి, మట్టి ముద్ద చెదరకూడదు. మార్చింది సాయంత్రం పూట అయి ఉండాలి. నాలుగు వారాల దాకా ఎరువు వేయకండి. ఈలోగా కొన్ని ఆకులు పండి రాలితే కంగారు పడి నీళ్ళు ఎక్కువ పోయవద్దు. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, పైన ఒక అంగుళం ఎండితేనే పోయండి.